పాత ఈసీజీ పారేయకండి



మన ఇళ్ళలో పెద్దవాళ్ళ జబ్బుల చరిత్రంతా ఓ బట్టల షాపు కవరులో ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీలు, ఎక్స్‌రే ఫిల్ములు, మడతల దగ్గర చిరిగిన మందుల చీటీలు. ఈసీజీ గీతలు పడే ఆ నున్నటి కాగితమైతే కొన్నేళ్ళకే వెలిసిపోతుంది. ఛాతీ నొప్పితో వెళ్ళినప్పుడు డాక్టరు వెతుక్కునేది దాన్నే. గీతలో తేడా ఇవాళ వచ్చిందో, ఎప్పటినుంచో ఉన్నదో పాతదాన్ని పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

చిత్తూరు జిల్లా అరగొండ నుంచి ఉపగ్రహం ద్వారా పట్నం డాక్టరుకు చూపించుకునే ఏర్పాటు 2000లోనే వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ టెలివైద్య సేవ ఈ-సంజీవని ద్వారా పల్లె ఆరోగ్య కేంద్రంలోనే కూర్చుని డాక్టరుతో మాట్లాడొచ్చు. డాక్టరైతే దొరుకుతున్నారు. మన పాత వివరాలే ఆయన ముందుకు రావడం లేదు.

ఆభా నంబరు అందుకే. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల నంబరు ఇది. 5 లక్షల ఉచిత వైద్యం కార్డూ ఇదీ ఒకటేనని చాలామంది పొరబడుతున్నారు. అది వేరు. ఆభాలో మీ రికార్డులన్నీ ఢిల్లీకి చేరవు, ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. ఇంకో డాక్టరు చూడాలంటే మీ అనుమతి అడగాలి. ఏవి చూడనివ్వాలో, ఎన్నాళ్ళో మీ ఇష్టం. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు కూడా. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అయితే నంబరు తీసుకోగానే పని అయిపోదు. ఆసుపత్రి, ల్యాబు ఆ వ్యవస్థలో చేరి ఉండాలి, ఓపీ చీటీ రాయించేటప్పుడు మీరు నంబరు చెప్పాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ ఫోనుకే వచ్చే ఆసుపత్రులున్నాయి. క్యూలో నిలబడలేని వాళ్ళకు అది ఎంతో మేలు. కానీ స్మార్ట్‌ఫోను లేని ముసలమ్మ కోసం కౌంటరులో మనిషి ఉండి తీరాలి. ఆభా తీసుకోవడం తప్పనిసరి కాదు. అది లేదని వైద్యం ఆపకూడదు.

ఈ వారం ఇంట్లో పెద్దవాళ్ళ కవరు విప్పి చూడండి. ఈసీజీ వెలిసిపోకముందే వెలుతురులో తేదీ కనబడేలా ఫొటో తీయండి. పడని మందుల పేర్లు ఓ కాగితం మీద రాసి డిశ్చార్జి సమ్మరీతో కలిపి పెట్టండి. మీ ఊరి ఆసుపత్రిలో ఆభా నంబరు చెబితే ఏం జరిగిందో నాకు రాయండి. వచ్చే ఉత్తరంలో మీరు రాసినవాటి గురించే మాట్లాడుకుందాం.

మీ
సంపాదకురాలు