వదలని బ్రేకు

నాన్నగారి అంబాసిడర్ 1978 నాటి మార్క్ 3. షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయిన దాన్ని రెండేళ్లు కూర్చుని బాగుచేయించాను. రంగు, సీట్లు, వైరింగు అన్నీ కొత్తవి. రోడ్డెక్కిన వారానికే జబ్బు బయటపడింది. బయల్దేరినప్పుడు బాగానే ఉండేది. ఐదారుసార్లు బ్రేకు తొక్కేసరికి బండి ఎడమకి లాగేది. మాడు వాసన. ముందు ఎడమ డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేనంత వేడి. గంటసేపు ఆపితే మళ్లీ మామూలే.

ఒక గ్యారేజీలో షూలు మార్చారు. ఇంకోచోట వీల్ సిలిండర్ మార్చి, డ్రమ్ము లేత్ పట్టించారు. అందరూ చూసింది బ్రేకు ఎలా పడుతోందనే. పట్టడం శుభ్రంగానే పడుతోంది మరి.

మూడోచోట డెబ్బై దాటిన మేస్త్రి మొదట ఏదీ విప్పలేదు. పక్కన కూర్చుని నాచేత నడిపించారు. చక్రం బిగిసిన చోటే జాకీ ఎత్తారు. ఎంత తిప్పినా కదల్లేదు. "కాలు తీశాక ఆయిలు వెనక్కి వస్తోందా లేదా, అదండీ చూడాల్సింది డాక్టరుగారూ" అన్నారు. ఇనప పైపు రబ్బరు హోస్‌తో కలిసే చోట నట్టు వదులు చేశారు. రెండు చుక్కలు కారాయి, చక్రం అలాగే ఉంది. అంటే మాస్టర్ సిలిండర్‌లో తప్పు లేదు. అది బిగించి, చక్రం దగ్గరి బ్లీడింగ్ నిప్పుల్ తిప్పారు. ఆయిలు చిమ్మింది, చక్రం గిర్రున తిరిగింది. షూలూ స్ప్రింగులూ బాగానే ఉన్నాయన్నమాట. మిగిలింది మధ్యలోని జానెడు హోస్. పైకి నల్లగా నిగనిగలాడుతోంది కాబట్టే ఎవరూ దాని జోలికి పోలేదు. బ్లేడుతో నిలువునా కోస్తే లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకొచ్చి ఉంది. కాలి ఒత్తిడికి ఆయిలు అటు దూరిపోతుంది. తిరిగి రావాలంటే షూల స్ప్రింగులే దిక్కు, వాటి బలం చాలదు. కుడివైపు హోస్ కూడా మార్చేశారు, దానిదీ అదే వయసని.

ఆ వారం మంగళవారమే నా పేషెంటు, అరవై ఎనిమిదేళ్ల ఆవిడ, మళ్లీ నా దగ్గరికి వచ్చారు. ఇరవై ఏళ్లుగా బీపీ, ఆరు నెలలుగా ఆయాసం. ఉబ్బసమేమోనని ఎవరో ఇన్‌హేలర్ ఇచ్చారు. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 శాతం. ఆ అంకె చూసి "గుండె బాగుందమ్మా" అని నెల కిందట పంపేసింది నేనే. గుండె రక్తాన్ని ఎలా నెడుతోందో ఆ అంకె చెబుతుంది. నెట్టాక సడలుతోందా అన్నది చెప్పదు. ఏళ్లతరబడి బీపీకి గోడలు మందమై బిగుసుకుపోతే గుండె సరిగా నిండదు, ఒత్తిడంతా వెనక్కి, ఊపిరితిత్తుల మీద పడుతుంది. గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఎజెక్షన్ ఫ్రాక్షన్ బాగానే ఉంటుంది. ఇదంతా నాకు తెలియని సంగతి కాదు. ఆ రోజు అడగవలసింది అడగలేదు. ఆ నెల రోజులూ ఆవిడ పడిన అవస్థ తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఈసారి అడిగాను.

"రాత్రి ఎన్ని దిండ్లమ్మా?"

"మూడండి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు."

పాదం నొక్కితే వేలి గుంట పడింది. మెడ సిర ఉబ్బి ఉంది. ఎడమ కర్ణిక పెద్దదైందని పాత ఎకో రెండో పేజీలోనే రాసి ఉంది.

నీరు తీసే మాత్ర ఇచ్చి, బీపీ మందు సరిచేసి, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టాను. మధుమేహానికని వచ్చిన ఈ మందు ఇలాంటి గుండెకూ మేలు చేస్తుందని 2021లో తేలింది. అంతకుముందు ఈ జబ్బుకి మా చేతిలో ఉన్నవి బహు తక్కువ.

మూడు వారాలకి వచ్చినప్పుడు నేను అడగకముందే ఆవిడ ఒక వేలు చూపించారు. "ఒక్క దిండేనండి."