మోతి గుర్రుమన్న రోజు



ఈ వారం మా ఇంటి కుక్కల సంగతి రాస్తున్నాను. నవ్వుకోకుండా చివరిదాకా చదవండి. ఇందులో నా తప్పు ఒకటి ఉంది.

మోతి, బ్రౌనీ మీకు తెలిసినవే. మోతికి తొమ్మిదేళ్లు, బ్రౌనీకి ఆరు. ఆదివారం మీరు చెప్పులు విడిచే చోటే పడుకుంటాయి. పిల్లలు చెవులు లాగినా ఏమీ అనవు. పోయిన ఏడాది శనగ పంట తీశాక ఎరువు కోసం మన వాళ్ల చేలో గొర్రెల మంద ఆపారు. ప్రార్థన చేయడానికి వెళ్తే ఆ కాపరి రెండున్నర నెలల కుక్కపిల్లను నా చేతిలో పెట్టాడు. "దీని తల్లి తోడేలుకైనా ఎదురుపోతాది సామీ. ఇది కూడా ఊరికే ఉండేది కాదు, చూసుకో" అన్నాడు. మొదటి మాటకు మురిసిపోయాను. రెండో మాట చెవిన పెట్టలేదు.

పిల్లలు దానికి టైగర్ అని పేరు పెట్టారు. నేను దాన్ని నేరుగా తెచ్చి వసారాలో వదిలేశాను. "అవే కలుసుకుంటాయిలే" అనుకున్నాను. వారం తిరక్కుండానే రెండు గిన్నెల్లోని అన్నమూ టైగరే ముందు తినేది. మోతి గోనెపట్ట దాని పడక అయింది. మోతి మెడ పట్టి లాగేది, బ్రౌనీ పడుకుంటే మీదికెక్కేది. ఒకరోజు మోతి పళ్లు చూపించి గుర్రుమంది. కొరకలేదు, గుర్రుమంది అంతే. నేను చెయ్యెత్తి, "చిన్నపిల్ల మీద ఏందే నీ కోపం?" అని గట్టిగా అరిచాను.

ఆ తర్వాత అది ఎప్పుడూ గుర్రుమనలేదు. టైగర్ దగ్గరికొస్తే మొహం పక్కకు తిప్పుకునేది, మూతి నాకుకునేది, లేచి వెళ్లిపోయేది. అదంతా సాత్వికం అనుకున్నాను. ఒక ఆదివారం ప్రసంగంలో దాని ఓర్పును మీకు మాదిరిగా కూడా చెప్పాను. గుర్తుందా?

కొన్నాళ్లకు మోతి వసారాలోకి రావడమే మానేసింది. రాత్రుళ్లు రోడ్డు పక్కన బోరింగు వెనక పడుకునేది. పక్కటెముకలు బయటపడ్డాయి. ఒక రాత్రి లారీ హారన్ విని మా ఇంటావిడ పరుగెత్తింది. మోతి అడుగు తేడాలో బతికింది. దాన్ని ఎత్తుకొచ్చి నా ముందు దించి, "ఏమండీ, ఇది ఓర్చుకోవడం లేదు, భయపడతా ఉంది. మీరేమో మెచ్చుకుంటా కూర్చున్నారు" అంది. నాకు జవాబు రాలేదు.

మరునాడు ఆళ్లగడ్డలో పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాను. దారిలో శిల్పుల ఉలి చప్పుడు వింటుంటే, "రాయైనా దెబ్బ తింటేనే బొమ్మవుతాది, నాలుగు తగిలించండి" అని టైగర్ గురించి పక్కింటాయన చెప్పిన మాట గుర్తొచ్చింది. డాక్టరు గారితో అదే అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కొడితే పిల్లకు భయం పెరుగుతుంది, ఆ భయం కరవడంగా మారుతుంది అన్నారు. గుర్రుమనడం కుక్క చేసే హెచ్చరిక, దాన్ని నోరు మూయిస్తే చెప్పకుండా కరుస్తుంది, లేదా ఇల్లు విడిచిపోతుంది అన్నారు.

ఇంటికొచ్చాక ఈ విషయం గురించి చదివాను. 1947లో షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనులో పెట్టిన తోడేళ్ల పెత్తనపు పోరు గురించి రాశాడు. కుక్కల్లోనూ అదే పోరు ఉంటుందని లోకం చాలాకాలం నమ్మింది. డేవిడ్ మీచ్ అనే ఆయన అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, అక్కడ మంద అంటే ఒక కుటుంబమని, దాన్ని నడిపించేది తల్లిదండ్రులని 1999లో రాశాడు. ఒకరికొకరు తెలియని వాటిని ఒకే చోట పడేస్తే పోరు వస్తుంది. నేను చేసిందీ అదే. కాపరి పక్కకు తప్పుకున్న చోట బలమున్నదే కాపరి అవుతుంది.

డాక్టరు చెప్పినట్టే చేశాం. గిన్నెలు దూరదూరంగా పెట్టి, తినేదాకా ఒకరం నిలబడ్డాం. మోతికి టైగర్ ఎక్కలేని మంచం వేశాం. రోజూ పొద్దున మూడింటినీ ఇంట్లో కాకుండా ఎవరిదీ కాని పొలం గట్టు మీద పక్కపక్కన నడిపించాం. టైగర్ మీదికెక్కబోతే కొట్టకుండా పక్కకు తీసుకెళ్లి ఆట మళ్లించాం. మోతి గుర్రుమంటే ఈసారి దాన్ని కాదు, టైగర్‌ను వెనక్కి పిలిచాం. మూడు నెలలు నిండగానే టైగర్‌కు రేబిస్ టీకా వేయించాం.

యెహెజ్కేలు 34వ అధ్యాయం తీసి చూడండి. బలిసిన గొర్రెలు భుజాలతో, కొమ్ములతో బలహీనమైన వాటిని తోసేసే సంగతి అక్కడుంది. అయితే ఆ అధ్యాయం మొదలయ్యేది గొర్రెలను తప్పుపట్టి కాదు, కాపరులను తప్పుపట్టి. ఎన్నోసార్లు దాని మీద ప్రసంగించాను. మోతి పక్కటెముకలు చూసేదాకా అది నా గురించేనని తట్టలేదు.

ఎందుకంటే మన సంఘంలో కూడా ఒక పెద్దమ్మ నా దగ్గరికి వచ్చింది. ఎవరని వెతకకండి. కొత్తగా వచ్చిన ఉత్సాహం గల ఒక తమ్ముడు శుక్రవారం ప్రార్థనలో ఎవరినీ నోరు తెరవనివ్వడం లేదని, ఏళ్లుగా తాను ఎత్తే పాట కూడా తీసేసుకున్నాడని చెప్పింది. నేను "ఓర్చుకోమ్మా, చిన్నవాడు" అన్నాను. ఆమె తలూపి వెళ్లింది. తర్వాత శుక్రవారాలు రావడం మానేసింది. ఆమె సాత్వికురాలు అని మెచ్చుకున్నానే గాని, ఎందుకు రాలేదని అడగలేదు.

పోయిన వారం ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆ తమ్ముడితోనూ కూర్చున్నాను. అతను చెడ్డవాడు కాదు, హద్దు ఎక్కడో అతనికి ఎవరూ చూపలేదు. చూపాల్సింది నేను. పెద్దమ్మ ఇంకా రాలేదు. "చూద్దాం అయ్యగారూ" అంది. ఆ మాట మోయాల్సింది నేనే.

మోతి మళ్లీ వసారాలోకి వచ్చింది. ఒళ్లు పట్టింది. అయినా అన్నం పెట్టాక ఒకసారి టైగర్ వైపు, ఒకసారి నా వైపు చూసి గాని తినదు. అది చూసినప్పుడల్లా నేను అక్కడే నిలబడతాను.

మీ ఇంట్లో కూడా ఏమీ అనని మనిషి ఒకరు ఉంటారు. ఈ రాత్రి వాళ్లను మెచ్చుకోకండి, అడగండి. ప్రభువు మనకు వినే చెవినిచ్చును గాక. ఆమేన్.