ఈ కారు మన ఊరికి రాదు మామా

నేను దుబాయిలో పాత కార్ల వ్యాపారం చేసే ఆఫీసులో గుమాస్తాని. బిల్లులు కొట్టడం, ఓడ కాయితాలు తయారు చేయడం నా పని. మా ఆఫీసు రాస్ అల్ ఖోర్ దగ్గర, 2000 సంవత్సరంలో పెట్టిన కార్ల ఫ్రీజోన్‌లో ఉంది. ఇంటర్ సీఈసీతో చదువు ఆపేసి, జగిత్యాలలో కంప్యూటర్ నేర్చుకుని, పదకొండేళ్ల కింద ఇక్కడికి వచ్చాను. పగలంతా ఏసీలో కూర్చున్నా రాత్రికి చేరేది మీలాగే సోనాపూర్ క్యాంపుకే, ఆరు మంచాల గదికే.

ఆ గదిలో నా కింది మంచం డ్రైవర్ మామది. వరసకు మామ కాదు, మా పక్క మండలం మనిషి. నన్ను అల్లుడా అంటాడు, నేను మామా అంటాను. ఆయన విషయంలో నేను తెలిసీ తెలియని మాట ఒకటి చెప్పాను. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఆ మాటకు ఆయన పదిహేడేళ్ల సర్వీసు పైసలు నీళ్లలో కలిసేవి. అందుకే ఇది రాస్తున్నా.

ఇది 2025 నవంబరు సంగతి. మామ ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో డ్రైవరు. ఓనరును, సైటు ఇంజినీర్లను తిప్పేవాడు. 2012 మోడల్ తెల్ల కరోలా. షోరూంలోంచి తెచ్చిన రోజు నుంచీ తోలింది ఆయనే. దాని ముల్కియా మీద కంపెనీ పేరున్నా, గదిలో అందరికీ అది 'మామ కారే'. షుగరు ముదిరి, రాత్రిపూట ఎదుటి లైట్లకు కళ్లు చెదురుతుంటే, ఇక ఇంటికి పోతానని చెప్పాడు. ఓనరు పిలిచి కూర్చోబెట్టి, "ఈ కారు నువ్వే తీసుకో. నీ హిసాబు కింద జమ చేసుకుందాం. ఇరవై వేల దిర్హాముల బండి, నీకు రావలసిందానికంటే ఎక్కువే" అన్నాడట.

మామ ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు, సంతోషంతో. "అల్లుడా, నువ్వు కార్లను ఓడలెక్కిచ్చేటోనివి గదా. గిది మన ఊరికి పోతదా?" అని అడిగాడు.

నవంబరు, డిసెంబరు మా యార్డులో ఊపిరి సలపని రోజులు. నేను ఫోన్‌లో ఏవో ఛాసిస్ నంబర్లు సరిచూస్తూ, తల ఎత్తకుండానే, "ఎందుకు పోదు మామా? మొంబాసాకే పోతున్నయి, ముంబైకి పోదా?" అన్నాను.

అంతే. ఆయన ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాడు. మూడో రోజుకు ఇంటి ముందర బర్ల కొట్టం పీకేశారు, కారు నిలపడానికి జాగా కావాలని. పీకిన జాగాను అత్తమ్మ వీడియో తీసి పంపింది. అది చూసినప్పుడు నా గుండెలో ఏదో కలుక్కుమంది. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు.

నా పని గురించి కొంత చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మా ఫ్రీజోన్ చూసినవాళ్లు మొదట అడిగేది, ఇక్కడ ఎక్కువ కార్లకు స్టీరింగ్ కుడి పక్కన ఉందేంటని. దుబాయిలో బండి రోడ్డుకు కుడి పక్కన నడుస్తుంది, స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది. మా దగ్గరికి వచ్చేవి జపాన్ బండ్లు. జపాన్‌లో మన ఇండియాలాగే ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగ్ కుడి పక్కన. ఆ బండ్లను ఇక్కడి రోడ్ల మీద తిప్పడానికి రిజిస్టర్ చేయరు. ట్రాన్సిట్ వీసా మీద ఉన్నట్టు యార్డులో ఎండకు ఎండి, బేరం కుదరగానే మళ్లీ ఓడెక్కి ఆఫ్రికా పోతాయి.

ఏ దేశానికి ఏ బండి పోతుందో నాకు నోటికి వచ్చు. కెన్యాకు ఎనిమిదేళ్లు దాటిన కారు పనికిరాదు, స్టీరింగ్ కుడి పక్కనే ఉండాలి. ప్రతి జనవరి ఒకటిన ఆ లెక్క ఒక ఏడు ముందుకు జరుగుతుంది. 2025లో 2018 బండి పోతుంది, 2026 వచ్చిందంటే 2019 కావాలి. డిసెంబరు 31 లోపల మొంబాసా రేవుకు చేరని 2018 బండి కెన్యా మార్కెట్‌కు చచ్చినట్టే. మా తొందరంతా దాని గురించే. ఉగాండా 2018లో చట్టం మార్చి పదిహేనేళ్లు దాటిన బండ్లను ఆపేసింది. దక్షిణాఫ్రికాలో సొంతంగా కార్లు తయారవుతాయి, మామూలుగా పాత కార్లను లోపలికి రానియ్యరు. డర్బన్ రేవులో దిగి పక్క దేశాలకు దాటిపోతుంటాయి. శ్రీలంక డాలర్లు కరువై 2020 మార్చిలో బండ్ల దిగుమతి ఆపేసి, సొంత కార్లకు మళ్లీ 2025 ఫిబ్రవరిలో తలుపు తీసింది.

ఇన్ని తెలిసిన నేను పదకొండేళ్లలో ఇండియా పేరు మీద ఒక్క బిల్లు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మర్నాడు మా ఆఫీసులో షిప్పింగ్ చూసే కాసరగోడు అన్నను, ఒక కరోలా ముంబైకి పంపాలంటే ఎంతవుతుందని అడిగాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "స్టీరింగ్ ఏ పక్క? ఏ సంవత్సరం?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఎవరిది? పాపం" అన్నాడు. ఆ 'పాపం' నాకు చెంపదెబ్బలా తగిలింది.

ఆ పూట భోజనం మానేసి రూల్సు చదివాను. మన దేశంలో ఎగుమతి దిగుమతుల విధానం చూసేది డీజీఎఫ్‌టీ అనే ఆఫీసు. వాడిన కారును ఇండియాకు తేవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడి పక్కన ఉండాలి. హెడ్‌లైట్లు కూడా ఎడమ పక్క నడిచే రోడ్డుకు తగినట్టు వెలుగు వేయాలి. దిగితే ముంబై రేవులోనే దిగాలి, విశాఖలోనో చెన్నైలోనో కుదరదు. ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద తిరిగే దమ్ముందని కాయితం చూపాలి. ఇవన్నీ దాటినా సుంకం ఉంది. మనం కొన్నది ఎంతకైనా సరే, కస్టమ్స్ వాళ్లు కట్టిన విలువకు ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలిపి, ఆ మొత్తం మీద వేస్తారు. వాడిన కారు మీద ఆ సుంకం కారు విలువనే దాటిపోతుంది. టీవీలు, బట్టలు మూటగట్టుకుని పోయినట్టు లగేజీ కింద పోయే వస్తువు కాదిది.

మామ కారు మొదటి గడపలోనే ఆగిపోయింది.

ఆ రాత్రి చెప్పాను. ఆయన నమ్మలేదు. మంచం మీద కూర్చుని, "కేరళల దుబాయి నంబర్ ప్లేటు బండ్లు తిరుగుతున్నయి గదరా, వీడియోల నేనే చూసిన" అన్నాడు. నిజమే, తిరుగుతాయి. అవి చూసిపోవడానికి వచ్చిన బండ్లు. కార్నెట్ అనే పూచీ కాయితం మీద పన్ను కట్టకుండా వస్తాయి, గడువు లోపల మళ్లీ దేశం దాటిపోవాలి. పోకపోతే పూచీ పడ్డవాళ్లు సుంకం కట్టుకోవాలి. ఉన్నోళ్ల సరదా అది. ఇంటికి వాపసు పోయే మనిషికి పనికొచ్చే దారి కాదు.

"అయితే అల్ కూజ్ గ్యారేజీల స్టీరింగ్ ఇటు మార్పిద్దాం."

"స్టీరింగ్ మారుస్తరు మామా, 2012ను ఎట్ల మారుస్తరు?"

అప్పుడు పక్క మంచం తమ్ముడు ఒకడు మధ్యలో దూరి, తనకు తెలిసిన ఏజెంటు ఉన్నాడని, రెండు వేల దిర్హాములు అడ్వాన్సు ఇస్తే భూటాన్ మీదుగా దింపిస్తాడని అన్నాడు. అంతకు రెండు నెలల ముందే, 2025 సెప్టెంబరులో, భూటాన్ నుంచి దొంగచాటుగా వచ్చాయన్న అనుమానంతో కేరళలో కస్టమ్స్ వాళ్లు దాడులు చేసి కార్లు పట్టుకుపోయారు. సినిమావాళ్ల ఇళ్లలోనూ సోదా చేశారు. ఆ వార్త ఫోన్‌లో తీసి చూపించాను. అంతంత వాళ్లకే దిక్కులేదు, మన బర్ల కొట్టం ముందర నిలబెట్టిన బండిని ఎవరు కాపాడతారు?

మామ నా వైపు చూసి, "మరి ఆనాడు పోతదని ఎందుకన్నవ్?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను కలిపి పెట్టిన చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

ఈ రూలు అన్యాయమని నాకూ మొదట కోపం వచ్చింది. పదమూడేళ్లు కన్నబిడ్డలా చూసుకున్న బండిని మనిషి ఇంటికి తీసుకుపోకూడదా అని. కానీ నేను రోజూ చూసేది వేరే కథ. జపాన్ వద్దన్న బండి ఇక్కడికి, ఇక్కడి నుంచి ఇంకో దేశానికి. మన దగ్గర తలుపు బార్లా తీస్తే ఆ ఓడలన్నీ అటే మళ్లుతాయి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అక్కడ పనిచేసే పిల్లల పని ఏం కావాలి? పైగా ఎడమ స్టీరింగ్ బండితో మన సింగిల్ రోడ్డు మీద లారీని దాటాలంటే, పక్కన కూర్చున్నవాడు తల బయటపెట్టి చూసి చెప్పాలి. రూలు రూలే. నా కోపం కాస్త చల్లారింది గానీ, మామ ముఖం చూస్తే మాత్రం మళ్లీ మొదటికి వచ్చేది.

అసలు సంగతి కారు కాదు, హిసాబు అని నాకు తట్టింది అప్పుడే. మామ బేసిక్ 1,200 దిర్హాములు. రోజుకు 40. ఇక్కడి చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, అంటే 105 రోజులు. ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. పన్నెండేళ్లకు 360. మొత్తం 465 రోజులు, నలభై చొప్పున 18,600 దిర్హాములు. మన రూపాయల్లో నాలుగు లక్షల పైమాట. మీరూ మీ బేసిక్‌తో ఇట్లాగే లెక్క వేసుకోండి. బేసిక్ మాత్రమే, అలవెన్సులు కలపొద్దు.

ఇక కారు ధర. మా యార్డులో అమ్మకాలు చూసే పఠాన్ భాయ్‌ని తీసుకెళ్లి చూపించాను. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన బండి, కుడి డోరు ఒకసారి గుద్దించి పెయింటు వేసింది. బానెట్ తీసి చూసి, "పదకొండు వేలు. నాకు బాగా అవసరమైతే పన్నెండు" అన్నాడు. ఓనరు ఇరవై అన్నది ఏ లెక్కో దేవుడికెరుక. ఆయన చెడ్డవాడని నేను అనను. మామ కొడుకు ఆపరేషన్‌కు అడగకుండానే పైసలిచ్చిన మనిషి. కానీ కారు ఇచ్చి పంపితే ఆయనకు కలిసొచ్చేది ఏడు వేలు. మామకు మిగిలేది, ఊరికి చేరని ఒక బండి తాళం చెవి.

ఈ లెక్క తెల్ల కాయితం మీద రాసి మామ దిండు కింద పెట్టాను. పొద్దున లేచి చదువుకున్నాడు. చాలాసేపటికి, "సోమవారం కాన్సిల్ కాయితం మీద సంతకం ఉంది. నువ్వు రా" అన్నాడు.

ఆ కాయితాలు మీలో కొందరు చూసే ఉంటారు. నాకు రావలసినవన్నీ ముట్టినవి అని ఒక లైను ఉంటుంది. కింద సంతకం. మామది అప్పటికే ప్రింటు తీసి పెట్టారు. అకౌంటెంటు పెన్ను చేతికిచ్చాడు. మామ పెన్ను బల్ల మీద పెట్టి, హిందీలో, "సాబ్, కారు మా దేశం తీసుకోదు. నాకు పైసలే ఇవ్వండి" అన్నాడు. అకౌంటెంటు నా వైపు గుర్రుగా చూశాడు. ముందే ఒప్పుకున్నాడు కదా, ముల్కియా మార్చడానికి కాయితాలు కూడా సిద్ధం చేశాం అన్నాడు. నేను గొంతు పెంచలేదు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల లోపల రావలసినవన్నీ ఇవ్వాలని చట్టంలో ఉంది కదా సార్ అని మాత్రం అన్నాను, లెక్క రాసిన కాయితం ముందు పెట్టి. నా కాళ్లు వణుకుతున్న సంగతి బల్ల అడ్డం ఉండబట్టి ఆయనకు కనపడలేదు.

ఓనరుకు ఫోన్ పోయింది. అరగంట కూర్చున్నాం. ఆయనే వచ్చి కాయితం చదివాడు, మామ భుజం మీద చెయ్యి వేశాడు, "నీకు ఇష్టమనుకున్నా" అన్నాడు. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. సగం ఆ వారమే బ్యాంకులో పడింది. మిగతా సగం విమానం ఎక్కే ముందు రోజు వచ్చింది. అది పడ్డాకే మామ సంతకం పెట్టాడు.

వెళ్లే రోజు కారును కంపెనీలోనే వదిలేసి, సీటు మీది పూసల కవరు ఒక్కటి మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. దానికి మన కస్టమ్స్ వాళ్లు ఏమీ అడగలేదట.

ఇప్పుడు ఆ బర్ల కొట్టం జాగాలో పాత మారుతి ఆల్టో ఉంది, లక్షా అరవై వేలకు కొన్నాడు. పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. పదిహేడేళ్లు ఎడమ పక్క కూర్చున్న మనిషి, రోజూ పొద్దున అలవాటుగా అటు డోరు తీసుకుని ఎక్కుతున్నాడట, ఎదురుగా స్టీరింగ్ లేకపోతే మళ్లీ దిగి తిరిగి వస్తున్నాడట. "ఇంకోటి అల్లుడా, మలుపు కాడ ఇండికేటర్ వేద్దామని ఎడమ చేత్తోని కొడితే వైపర్లు తిరుగుతున్నయి. చుక్క వాన లేదు. ఎనుక కూసున్న మీ అత్తమ్మ ఒక్కతీర్ల నవ్వుడు."