కత్తితోక చేపలు, అనంతగిరి వాగులు

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతూ ఉండగానే గాలి మారుతుంది. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకొన్న మిరియపు తీగలు, క్రింద కాఫీ పొదలు కనబడితే అనంతగిరి వచ్చినట్లే. ఈ కొండలలో పుట్టిన గోస్తని నది బొర్రా గుహలను ఒరుసుకొని దిగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. యాత్రికులు గుహలు చూచి వెళ్లిపోతారు. వాగుల్లోని చేపలను చూచేవారు తక్కువ.

మన ప్రాంతపు నీళ్లలో నెత్తిమీద వెండిచుక్క ఉన్న వేలెడు చేప ఒకటి ఉన్నది. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది గనుక నీటిపై తేలే దోమపిల్లలను సులువుగా తింటుంది. మలేరియా దోమ ద్వారా వస్తుందని రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897లో. మలేరియా బాధ ఎరిగిన మన్యం వారికి ఇటువంటి చేప విలువ చెప్పనక్కరలేదు. అయినా దోమల కొరకు 1928లో ఇటలీ నుండి గంబూసియాను మన దేశానికి తెచ్చారు. అది దోమపిల్లలతో ఆగలేదు. ఇతర చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది.

ఇప్పుడు పట్టణంలో చదివే పిల్లలు పాలిథిన్ సంచిలో ఇంటికి తెచ్చే ఎర్రని కత్తితోక చేప, అదే స్వోర్డ్‌టెయిల్, ఈ గంబూసియాకు చుట్టమే. దాని స్వస్థలం మెక్సికో, హోండురాస్ దేశాల వైపు. రెండూ గుడ్లు పెట్టవు, పిల్లలను కంటాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. గంబూసియా బూడిదరంగుగా, గుండ్రని తోకతో ఉంటుంది. కత్తితోక చేపలో మగదానికి మాత్రమే తోక అడుగు అంచు కత్తివలె సాగుతుంది. చిన్నప్పుడు అన్నీ ఆడవాటివలెనే కనబడతాయి. పొట్ట క్రింది రెక్క సన్నని పుల్లవలె మారితే అది మగది.

అడవి రకం ఆకుపచ్చగా, ప్రక్కన ఎర్ర గీతతో ఉంటుంది. అంగట్లోని ఎరుపు చాలావరకు ప్లాటీ అనే మరో చేపతో కలిపి సాధించినది. వెనుక సగం నల్లనైతే టక్సెడో. ఒళ్లు ఎర్రగా ఉండి రెక్కలు, తోక నల్లనైతే వాగ్‌టెయిల్. తోక పైఅంచు, క్రిందిఅంచు రెండూ సాగితే లైర్‌టెయిల్. ఈ చివరి రకంలో మగదాని పుల్ల మరీ పొడవై జతకు పనికిరాదు. అందుచేత లైర్‌టెయిల్ ఆడదానికి మామూలు మగదానిని జత చేస్తారు. ఈ కలయికలలో మరో సంగతి ఉన్నది. నల్లమచ్చల ప్లాటీని కత్తితోకతో కలిపితే కొన్ని పిల్లలలో ఆ మచ్చలే పుండ్లుగా, క్యాన్సరుగా మారాయి. 1920ల నుండి శాస్త్రజ్ఞులు ఆ వ్యాధిని ఈ చేపలలోనే పరిశోధిస్తున్నారు.

రకం చెడకుండా పెంచాలంటే ఆడపిల్లలను ముందుగానే వేరు చేయాలి. ఒక్కసారి జతకట్టిన ఆడది ఆ తరువాత మగది లేకుండానే నెలకొకసారి చొప్పున పలుమార్లు ఈనగలదు. కాన్పుకు పదుల సంఖ్యలో పిల్లలు. దట్టంగా నాచు వేయకపోతే తల్లే తినివేస్తుంది.

తొట్టెలో ముచ్చటైన ఈ గుణమే వాగులో ప్రమాదము. "పాపం, బ్రతకనీ" అని వదిలిన ఒక్క చూలి చేప చాలు. ఆస్ట్రేలియా వాగుల్లో ఈ కత్తితోకలు అలాగే స్థిరపడ్డాయి. ఇక్కడ వదిలినది గోస్తని వెంట తాటిపూడి వరకు పోగలదు. అక్కడనుండి ఏరి తీయడం ఎవరివల్లా కాదు. ఎక్కువైన పిల్లలను తెలిసినవారి తొట్టెకో, కొన్న దుకాణానికో ఇవ్వవచ్చు. తొట్టె నీరు మార్చినప్పుడు కూడా కాలువలో గాక కూరపాదులలో పోయండి. పాదులకు అది మంచి ఎరువు.