కొండ దారికి పాత జీపు

జీపు అనే వాహనము ఎందుకు పుట్టినదో మాడుగుల దాటిన తర్వాత గాని మైదానపు మనిషికి తెలియదు. చోడవరం, వడ్డాది మీదుగా మాడుగుల చేరినవారు హల్వా పొట్లము కట్టించుకొనకుండ ముందుకు పోరు. మేమూ పోము. అక్కడి నుండి కాస్త దూరములోనే కొండ మొదలవుతుంది. మలుపు మీద మలుపు తిరుగుతూ, చెవులు గుయ్యిమంటుండగా, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పాడేరు చేరుతాము. 2022 ఏప్రిల్ నుండి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రము. తూర్పు కనుమలలో అన్నిటికన్న ఎత్తయినదిగా పేరుపొందిన 1680 మీటర్ల అర్మకొండ కూడ ఈ ప్రాంతములోనిదే.

పాడేరు వరకు తారు రోడ్డే కనుక బస్సు వస్తుంది, కారు వస్తుంది. అసలు సంగతి అక్కడి నుండి లోపలికి పోయినప్పుడు. కాఫీ తోటల నడుమ, మిరియాల తీగలు అల్లుకొన్న చెట్ల క్రింద ఎర్రమట్టి బాట సాగుతుంది. ఎండాకాలములో అది దుమ్ము. జూన్ దాటిందంటే సబ్బు. ఈ మధ్య సంవత్సరాలలో చాల పల్లెలకు మంచి రోడ్లు పడ్డాయి, ఆ మాట సంతోషముగా ఒప్పుకోవాలి. అయినను గెడ్డ ఆవల ఉండిపోయిన గూడెములు ఇంకను ఉన్నాయి. అక్కడ రోగిని డోలీ కట్టి మోయవలసినదే.

అందుకే మా సంఘము చేతిలో ఒక పాత మహీంద్రా ఎమ్.ఎమ్. 540 జీపు ఉన్నది. మహీంద్రావారు మన దేశములో జీపులు బిగించడము 1947లో ప్రారంభించారు. మా బండిలో ఉన్నది ప్యూజో కంపెనీ పద్ధతిలో చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజను. దాని బలము 62 హార్స్ పవర్. నేటి చిన్న కారుకు కూడ ఇంతకన్న ఎక్కువ ఉంటుంది! ఇంత తక్కువ బలముతో కొండ ఎలా ఎక్కుతుందని యౌవనస్థులు అడుగుతారు. డ్రైవరు ప్రక్కన పెద్ద గేరు రాడ్డు కాక చిన్న రాడ్లు ఉంటాయి. వాటితో ముందు చక్రములకు కూడ ఇంజను పట్టు అందించవచ్చును. లో గేరు వేస్తే వేగము తగ్గిన మేరకు చక్రము దగ్గర లాగే బలము సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. మనిషి నడక కన్న మెల్లగా, ఎద్దు బండి లాగినట్లు, ఎక్కిపోతుంది. దిగేటప్పుడు దాని మేలు ఇంకా గొప్పది. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద భారము పడదు. అయితే తారు రోడ్డు మీద నాలుగు చక్రముల పట్టు వేసి ఉంచరాదు. మలుపులో ముందు చక్రములు వెనుకవాటి కన్న ఎక్కువ దూరము తిరగాలి. గట్టి నేల మీద జారే వీలు లేక గేర్లు బిగుసుకొంటాయి.

ఇక బండిని కొండకు తగినట్లు మార్చే విషయము. పాత జీపు కొన్నవారికి మొదట పుట్టే కోరిక దానిని ఎత్తు చేయడము. కమాన్లకు పట్టీలు చేర్చి, పొడవాటి షాకిల్స్ వేస్తే బండి గుర్రములా నిలబడుతుంది, ఫొటోకు బాగుంటుంది. మాకును ఈ సలహా ఎందరో ఇచ్చారు. అనకాపల్లిలో మా బండి చూసే మేస్త్రిగారు మాత్రము నవ్వి, "ఎత్తు చేసీమంటే చేసేస్తానండి అయ్యగారూ. పక్కకి ఒరిగితే మాత్రం నన్ననకండి" అన్నారు. ఆయన మాటలో లెక్క ఉన్నది. కమాన్లు ఎత్తితే పైన ఉన్న బాడీ లేస్తుందే గాని, క్రింద ఇరుసు మధ్య గుండ్రముగా వ్రేలాడే గేరు పెట్టె ఉన్నచోటనే ఉంటుంది. రాయికి తగిలేది ఆ పెట్టే! అది లేవాలంటే చక్రమే పెద్దది కావాలి. చక్రము రెండంగుళములు పెద్దదయితే క్రింద ఖాళీ ఒక్క అంగుళము పెరుగుతుంది. పైగా చక్రము పెరిగిన కొలది ఇంజనుకు బరువు పెరుగుతుంది, బ్రేకు తక్కువగా పడుతుంది, స్పీడు ముల్లు ఉన్నదానికన్న తక్కువ చూపుతుంది. బాడీ ఎత్తితే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు పెరిగి జాయింట్లు త్వరగా అరుగుతాయి. వాలు బాటలో పదిమంది కూర్చున్న బండి బరువంతా పైకి చేరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మేము ఎత్తు చేయించలేదు. మట్టిని పట్టే లోతైన గళ్ళ టైర్లు, కంపెనీ చెప్పిన కొలతలోనే వేయించాము. బురదలో వాటి గాలి 30 నుండి 20 పౌండ్లకు దింపితే టైరు వెడల్పుగా పరచుకొని నేలను పట్టుకొంటుంది. చేతి పంపు వెంట ఉండాలి, తారు రోడ్డు చేరగానే తిరిగి కొట్టుకోవాలి. నాలుగు వేల రూపాయల హంగు కన్న ఈ పంపు మాకు ఎక్కువసార్లు పనికివచ్చినది.

నాలుగు చక్రములకు పట్టు ఉన్నదంటే నాలుగూ తిరుగుతాయని అనుకొనేవారు చాలమంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో గుంట మీద గాలిలో తేలిన చక్రమే గిరగిర తిరుగుతుంది, నేల మీద ఉన్నది కదలదు. రెండింటిని కలిపి బిగించే లాకరు వేయించవచ్చును గాని ఖర్చు ఎక్కువ. మా బండిలో అది లేదు. బదులుగా రెండు చెక్క పలకలు, ఒక పార, లావుపాటి తాడు, ముందు వెనుకలకు ఛాసిస్‌కే బిగించిన కొక్కెములు ఉన్నాయి. బంపరుకు తాడు కట్టి లాగితే బంపరే ఊడి వస్తుంది.

2023 జూలైలో పెదబయలు వైపు లోపలి గూడెములో ఒక సోదరికి నొప్పులు మొదలయ్యాయని సాయంత్రము కబురు వచ్చినది. అంబులెన్సు తారు రోడ్డు చివర వరకే రాగలదు. మేము మా సంఘపెద్దగారితో కలిసి జీపులో బయలుదేరాము. ఆయన ముప్పది ఏండ్లు లారీ నడిపినవారు. మట్టి బాట బాగానే దాటాము. గెడ్డ దగ్గరకు చేరేసరికి చీకటి పడుతోంది, నీరు ఎర్రగా పొర్లుతోంది. అవతల గట్టున లాంతరు కనబడుతోంది. పెద్దగారు కర్ర పట్టుకొని నాలుగు అడుగులు దిగి, లోతు చూసి, వెనుకకు వచ్చారు. "వెళ్దామా పెద్దగారూ?" అన్నాము. "రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినబడుతోందా అయ్యగారూ? ఆ చప్పుడు ఉన్నంతసేపు నేను బండి దించను" అన్నారు.

నీరు బాడీ అడుగును తాకిందంటే బండి కొంత తేలుతుంది. టైరు మీద బరువు తగ్గితే నాలుగు చక్రముల పట్టు నాలుగు దూది ఉండలతో సమానము. ప్రక్క నుండి తోసే నీటికి ఎంత మంచి ఇంజనయినా ఎదురు చెప్పలేదు. మేము అవతలివారికి కేక వేసి చెప్పాము. వారు గంటసేపు పైకి నడచి, దుంగల వంతెన మీదుగా డోలీతో ఆమెను ఇవతలికి తెచ్చారు. అంతసేపును పెద్దగారు బండి తిప్పి, ముఖము పాడేరు వైపు పెట్టి, ఇంజను ఆపకుండ కూర్చున్నారు. మేము ప్రార్థించుచు గట్టున నిలబడ్డాము. లో గేరులో, ఆమె వదిన ఆమె తలను ఒడిలో పెట్టుకొని ఉండగా, ఒక్క కుదుపు ఎక్కువ కాకుండ ఆయన నడిపిన ఆ ఆరు కిలోమీటర్లు మేము మరువలేము. తారు రోడ్డు చివర అంబులెన్సు ఆమెను ఎక్కించుకొన్నది. ఆ రాత్రే ఆడపిల్ల పుట్టినది, తల్లి క్షేమము.

చిన్న గెడ్డలలో దిగే మాట వేరు. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అవసరము లేదు కనుక తడిసినంత మాత్రాన ఆగదు. కాని గాలి పీల్చే గొట్టములో నీరు పోతే గాలిలా అణగదు, లోపలి రాడ్డు వంగిపోతుంది, ఇంజను పని అయిపోయినట్లే. ఆ గొట్టము ఎంత ఎత్తున ఉన్నదో ముందే చూసి ఉంచుకోవాలి. ఇరుసుల పెట్టెలకు గాలి ఆడే చిన్న రంధ్రములు ఉంటాయి. వేడెక్కిన ఇరుసు చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి ముడుచుకొని ఆ సందులోంచి నీటిని పీల్చుతుంది. మేము అక్కడ రబ్బరు గొట్టము తగిలించి ఇంజను గది పైకి కట్టాము. ఖర్చు రెండు వందలు కూడ కాలేదు. నీటిలోంచి లేచాక బ్రేకు డ్రమ్ములు తడిసి ఉంటాయి, పట్టవు. పెడలు మెల్లగా నొక్కుతూ కొంత దూరము నడిపితే ఆ వేడికి ఆరతాయి. ఘాటీ దిగబోయే ముందు ఇది తప్పక చేయాలి.

చట్టము మాట కూడ చెప్పాలి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పుస్తకములో ఉన్న వివరములు మారేటట్లు బండిని ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీము కోర్టు కూడ కంపెనీ ఇచ్చిన అసలు నమూనాకు భిన్నముగా మార్పులు కూడవని తీర్పు చెప్పినది. బండి ముందు బిగించే ఇనుప గార్డులను కేంద్రము 2017 డిసెంబరులో వద్దన్నది. పదిహేను ఏండ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషను అయిదేండ్లకు ఒకసారి పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో బండి వెనుకకు వస్తే ఊరు ఊరంతా బండి లేనిదవుతుంది. బీమావారు కూడ ఇదే చూస్తారు.

ప్రయాణము ముగిసిన మర్నాడు మేము తప్పక చేసే పని ఒకటున్నది. రెండు ఇరుసుల అడుగు నట్టు విప్పి కాస్త నూనె చూస్తాము. మజ్జిగలా తెల్లగా ఉంటే నీరు చేరినట్లు. వెంటనే పారబోసి క్రొత్తది పోయాలి, లేనిచో బేరింగులు తుప్పు పడతాయి. మొన్న వానలకు గెడ్డలు నాలుగు దాటి వచ్చాము. నూనె నల్లగానే ఉన్నది.