ఏది దేనివల్ల?

ఏప్రిల్ 7, విశాఖ

రోజుకు పది సిగరెట్లకి పైనే కాల్చేదాన్ని కనుక, మానడానికి 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్ రాసింది డాక్టరమ్మ. మరీ నాలుక పీకితే నమలడానికి గమ్. నెలసరి తప్పి తప్పి వస్తోందంటే, పొగ తాగేవాళ్ళకి ముట్లు ఒకటి రెండేళ్ళు ముందే ఆగిపోతాయంది. శ్రీకాకుళంలో అమ్మమ్మ నిప్పు నోట్లో పెట్టుకుని, వీధరుగు మీదే దర్జాగా అడ్డచుట్ట కాల్చేది. ఉద్యోగం చేసే నేను డాబా మీద ట్యాంకు చాటున కాల్చాను.

ఏప్రిల్ 11

అర్ధరాత్రి మెడ వెనక సెగ లేచి జాకెట్టంతా తడిసింది. చిరాకు, నిద్ర పట్టకపోవడం సిగరెట్ మానినా వస్తాయి, ముట్లు ఆగే ముందూ వస్తాయి. "అక్కా, ఒకటి వెలిగించేసుకో, నీ కోపం పడలేకపోతున్నాం" అంది చెల్లి. ఈ సెగలు సంక్రాంతి నుంచే ఉన్నాయే! అప్పుడు కాలుస్తూనే ఉన్నాను. కాల్చే ఆడవాళ్ళకే ఇవి ఎక్కువని దానికి చెప్పాను.

ఏప్రిల్ 16

చెమటకి ప్యాచ్ అంచు లేచిపోయింది. ఒళ్ళు బాగా ఆరాక, నూనె, పౌడరు తగలని చోట, నిన్నటి చోటు వదిలి, అరచేత్తో కాసేపు నొక్కి పట్టాలి. రాత్రిళ్ళు పిచ్చి కలలొస్తుంటే పడుకునే ముందు తీసేయమన్నారు. తీసేశాక కలలు తగ్గాయి, సెగలు తగ్గలేదు. అంటే కలలు ప్యాచ్‌వి, సెగలు వయసువి.

ఏప్రిల్ 23

ఈ మధ్య మొదలైన గుండె దడకి కారణం కాఫీ! పొగ ఒంట్లోంచి కెఫీన్‌ని త్వరగా తరిమేస్తుందట. నికోటిన్‌కి ఆ గుణం లేదు, కాబట్టి ప్యాచ్ ఉన్నా పాత కప్పే ఇప్పుడు ఎక్కువ పనిచేస్తోంది. సాయంత్రం కాఫీ మానేశాను. కాఫీ తాగిన పావుగంట దాకా గమ్ కూడా సరిగా పట్టదు. నాలుగు నములు నమిలి, ఘాటు తగలగానే కిళ్ళీలా బుగ్గన పెట్టుకోవాలి. అదే పనిగా నమిలితే ఎక్కిళ్ళు.

మే 19

ఇవాళ్టి నుంచి 14 మిల్లీగ్రాములు. ఆ తరవాత 7. కోపం దిగింది, సెగలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటికి హార్మోన్ మాత్రలు వాడొచ్చా అని అడిగాను. బీపీ, రొమ్ము పరీక్షలు చూసి చెబుతానంది. కాలుస్తూ ఉంటే, రక్తం గడ్డకట్టే భయానికి, ఆ మాత్రల మాటే ఎత్తేదాన్ని కాదంది. పరీక్షలు గురువారం.