11 డిగ్రీల ఎడము

ముప్పై యేళ్ళు ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బతికిన వాడికి గోల్ఫు కర్రలతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నేనూ మొదట నవ్వినవాడినే.

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున, సబ్బవరంలోని మా ఇంటికి నా పూర్వవిద్యార్థి ఒకడు వచ్చాడు. విశాఖలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో అతడు కేడీ. ఆటగాళ్ళ కర్రల సంచి మోస్తూ, బంతి పడవలసిన దూరం చెప్పడం అతని పని. వైజాగ్ ఓపెన్ వంటి వృత్తి క్రీడాకారుల పోటీలు జరిగిన మైదానమది. చూసి చూసి తానూ ఆట పట్టుబరచుకున్నాడు. పోటీల్లో దిగాలని ఆశ.

“మేస్టారూ, ఒక్క కర్ర కొందామని ఎనిమిది వేలు దాసేనండి. ఏది కొనాలో తేల్లేదు” అన్నాడు.

“ఆట తెలిసినవాళ్ళని అడగక నన్నడుగుతావేమిరా?”

“అడిగితే తలో మాటా సెప్తన్నారండి. మీరైతే ఎందుకని అడుగుతారు.”

ఆ డబ్బుకు వచ్చేది ఎవరో వాడి విడిచిన కర్రే. తప్పుది కొంటే మళ్ళీ అంత కూడబెట్టేసరికి ఏడాది. అందుచేత నవ్వు మాని వినడం మొదలుపెట్టాను.

జెండాకు దగ్గరపడ్డాక వాడే కర్రలను వెడ్జిలంటారు. కర్ర నిటారుగా ఉన్నప్పుడు దాని ముఖం ఎంత వెనక్కి వాలి ఉంటుందో ఆ కోణం పేరు లాఫ్టు. వాలు పెరిగినకొద్దీ బంతి ఎత్తుకు లేస్తుంది, దగ్గరలో పడుతుంది, త్వరగా ఆగుతుంది. అతని దగ్గరున్నవి రెండు: 45 డిగ్రీల పిచింగ్ వెడ్జి, 56 డిగ్రీల శాండ్ వెడ్జి. నిండుగా కొడితే మొదటిది 120 గజాలు, రెండవది 85 గజాలు. కొనమని నలుగురూ చెప్పినది 60 డిగ్రీల లాబ్ వెడ్జి. టీవీలో మహామహులు దానితోనే బంతిని ఆకాశానికెత్తి జెండా పక్కన దింపుతారు కదా!

“వంద గజాలుంటే ఏం చేస్తావు?” అన్నాను.

కొంచెం ఆగి, “పెద్దదాన్ని తగ్గించి కొడతానండి. ఒకపాలి అందుద్ది, ఒకపాలి దాటిపోద్ది” అన్నాడు.

ఈ ఎడము వెనక చిన్న చరిత్ర ఉన్నది. 1930ల తొలినాళ్ళలో అమెరికా ఆటగాడు జీన్ సరాజెన్ కర్ర అడుగుభాగానికి లోహం అతికించి, ఇసుకలో దిగబడకుండా జారిపోయే వెడ్జిని తీర్చాడు. దానితోనే 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. తరువాత చాలాకాలం పిచింగ్ వెడ్జి 50 డిగ్రీల దరిదాపుల్లో, శాండ్ వెడ్జి 56 దగ్గర ఉండేవి. దూరం ఎక్కువ వస్తుందని కొనేవారిని ఆకర్షించడానికి తయారీదారులు ఇనుప కర్రల వాలు తగ్గిస్తూ వచ్చారు. పిచింగ్ వెడ్జి 45కు, అంతకన్న కిందికి దిగింది. శాండ్ వెడ్జి మాత్రం ఉన్నచోటనే ఉన్నది. మధ్యన ఏర్పడ్డ ఖాళీని పూడ్చడానికి పుట్టినదే గ్యాప్ వెడ్జి. వెడ్జికీ వెడ్జికీ నాలుగు నుంచి ఆరు డిగ్రీల తేడా ఉండడం మంచి పద్ధతి. సంచిలో మొత్తం 14 కర్రలకు మించరాదన్న నియమం ఉన్నది కనుక లెక్క అక్కడా చూసుకోవాలి. నా శిష్యుడికి ఆ బాధ లేదు. అతని సంచిలో ఉన్నవి తొమ్మిదే.

నేను తీర్పు చెప్పలేదు. ఒక నోటుపుస్తకం ఇచ్చి, నెలరోజులు ఆడినప్పుడల్లా ఎంత దూరంలో ఏ కర్ర లేక ఇబ్బంది పడ్డాడో రాయమన్నాను. ఫాల్గుణంలో తెచ్చి చూపాడు. 90కీ 115కీ నడుమ ఇబ్బందిపడినవి 31. ఎత్తుగా లేపి దింపవలసి వచ్చినవి 4. ఇక చెప్పేదేమున్నది?

నెల కింద ఒక 51 డిగ్రీలది దొరికింది. అడుగు ఉబ్బును బౌన్సు అంటారు. అదీ చూసి తీసుకున్నాడు. మెత్తని ఇసుకకు ఉబ్బు ఎక్కువుంటే మేలు. మన ఎండాకాలపు గట్టినేల మీద ఎక్కువ ఉబ్బున్న కర్ర ఎగిరిపడి బంతి నడుముకు తగులుతుంది. అందుకని తక్కువ ఉబ్బున్నది ఏరుకున్నాడు. ఈ సంగతి నాకు చెప్పినది అతడే.

అతడు వెళ్ళాక చాలాసేపు అరుగుమీద కూర్చున్నాను. తొమ్మిదో తరగతిలో ఇతడు ఒత్తులు కూడబలుక్కుని చదివేవాడు. నేను ‘భరనభభరవ’ అని ఉత్పలమాల గణాలు వల్లె వేయించాను. ఎక్కడ తడబడుతున్నాడో ఒక్కనాడూ రాసుకోలేదు. “వీడికి చదువు అబ్బదు” అని వాళ్ళ నాన్నకు చెప్పినవాణ్ణి నేనే. పదో తరగతి పూర్తి కాకుండానే బడి మానేశాడు.

ఆ మాట అతనికి గుర్తుందో లేదో అడగలేకపోయాను. నోటుపుస్తకం మాత్రం నా దగ్గరే ఉంచి వెళ్ళాడు. దూరాలన్నీ అంకెల్లో ఉన్నాయి. పక్కన ఒక్కొక్క మాట. తిరగేసి చూశాను. ‘గట్టిగా’ అన్నచోట టకు ఒత్తు సరిగానే పడింది.